మీ అమ్మ చెప్పింది

పోయిన వారం ఎస్తేరు, ఒకప్పటి మా పక్కింటన్న బిడ్డ, ఫోన్ చేసింది. "అత్తా, నాయిన పోయిండు" అన్నది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగిండట. మళ్ల లేవలేదట.

నేను, మా ఆయన లక్డారం పోయినం. సమాధుల తోటల పాస్టరయ్య ఆ అన్న బతుకు చదివిండు. ఏ ఊర్ల పుట్టిండు, ఏ కంపెనీల పనిచేసిండు, ఎందరు పిల్లలు, ఎందరు మనుమలు, మనుమరాండ్లు. చిన్న కాయితం. అండ్ల ఒక్క మాట తప్పు లేదు. కని అండ్ల ఆయన లేడు. ఎండకు కొంగు నెత్తిన కప్పుకొని నిలబడ్డ నాకు ఒకటే అనిపిస్తుండె: పిల్లలతోని మాట్లాడాల్నంటె ఆయన గొంతుక్కూసునే సంగతి ఎవరూ చెప్పరేంది?

ఆయన పిల్లలను దూరంకెల్లి పిలిచేటోడు కాదు. ఎంత పనిల ఉన్నా లేచి, పిల్ల ఉన్నకాడికి నడిచిపోయి, ముందల గొంతుక్కూసోని, అప్పుడు మాట్లాడేటోడు. "అన్నం తిందువు రా" అని చెప్పనీకె గూడ గంతే. ఎందుకన్నా గింత కష్టం అని అడిగితె, "నిలబడి మాట్లాడితె పిల్లలకు మన మొకం కనవడదు చెల్లె, ముక్కు రంధ్రాలే కనవడ్తయి. ముక్కు రంధ్రాల మాట ఎవరింటరు?" అన్నడు.

ఆయన బతుకంతా చెప్పుడు నా వశం గాదు. ఆయన ఇంటి పక్కన నేనున్నది రెండేండ్లకు తక్కువనే. అండ్ల గూడ బాగ యాదికున్నది మామిళ్లు పూతకొచ్చి, పొద్దుగాల చలి, పగటీలి ఎండ ఉండే ఆ దినాలే. జిల్లేడు కాయలు పగిలి దూది గాలిల తేలుకుంట ఇంట్లకు వస్తుండె. ఇప్పుడు తలుసుకుంటె అవన్నీ నిజంగ జరిగినయా, లేకపోతె పగటినిద్రల చూసిన్నా అనిపిస్తది.

అవి డెబ్బైల మొదటి దినాలు. పటాన్‌చెరు దిక్కు కంపెనీలు ఒక్కొక్కటే లేస్తున్నయి. మా ఆయనకు అండ్ల ఒకదాంట్ల పని దొరికింది. మా పెండ్లయి ఇంక ఏడాది గాలె. జోగిపేటకెల్లి ఒక సందూక, రెండు బొంతలు, నాలుగు గిన్నెలు పట్టుకొని లక్డారంల కిరాయికి దిగినం. నాలుగు అర్రల లైను ఇల్లు. ముందల పొడుగు అరుగు, వాకిట్ల వేపచెట్టు, వెనుక చేదబాయి.

సందూక దించుతుంటె చూసిన, పక్క అర్ర ముందల ఒక మనిషి కూసోని అయిదేండ్ల ఆడపిల్లకు జడేస్తున్నడు. నోట్ల దువ్వెన కరిచిపట్టిండు. వీపుకు పాతచీరెతోని ఒక చిన్నపిల్లను కట్టుకున్నడు, మన దిక్కు ఆడోళ్లు పొలంల కట్టుకున్నట్టు. నన్ను చూసి నోట్ల దువ్వెనతోనే తలకాయ ఊపి నవ్విండు. జడ అయినంకనే లేచి వచ్చి సందూకకు చెయ్యేసిండు. జడను నడుమల ఇడిసిపెట్టలె.

కంపెనీల ఆయనది మోటర్లకు రాగితీగె చుట్టే పని. ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకుండ, జాగ ఇడవకుండ చుట్టాలె. ఆ వేళ్లతోనే బిడ్డ జడ అల్లుతుండె. ఎస్తేరు జడల ఒక్క వెంట్రుక బయటికి వచ్చేది కాదు. పొద్దుగూకే దాక ఆడినా, గొర్రెపిల్లల ఎంట ఉరికినా ఆ జడ గట్లనే ఉండేది. ఆదివారం పొద్దున లైనుల ఉన్న ఆడపిల్లలందరు దువ్వెనలు పట్టుకొని ఆయన అరుగు కాడ వరుసకట్టేటోళ్లు. ఆయన చేతులకు యంత్రాల నూనె వాసన, కొబ్బరినూనె వాసన కలిసి ఉండేది.

ఆయన భార్యను నేను అప్పటికి చూడలె. మేం రాకముందు వానకాలంల ఆమెకు టీబీ అని తేలింది. దూరంగ గుట్టమీద ఉన్న పెద్ద దవాఖానల పెట్టుకున్నరు. ముగ్గురు పిల్లలు. పెద్దోడు దానియేలుకు ఏడేండ్లు, నడిపిది ఎస్తేరు, చిన్నది రూతు. తల్లి దవాఖానకు పోయిననాడు రూతు ఎనిమిది నెలల పిల్లట. నేను చూసేనాటికి గోడ పట్టుకొని నడుస్తుండె.

తల్లిగారోళ్లు హత్నూర దిక్కుకెల్లి వచ్చి, తలా ఒకరిని తీసుకపోతమన్నరట. పెద్దోడు ఒక మామ ఇంట్ల, నడిపిది పెద్దమ్మ కాడ, చిన్నది అమ్మమ్మ కాడ. వాళ్లది మంచి మనసే. ఆయన అందరికీ చాయ్ పోసి, "పంచుకోనీకె ఇవేమన్న మామిడికాయలా? ముగ్గురు ఒక్కతాన ఉంటేనే వాళ్లకు వాళ్ల అమ్మ యాదికుంటది. ఒకరు మరిచింది ఇంకొకరు చెప్తరు" అన్నడట. వాళ్లు మళ్ల ఆ మాట ఎత్తలె.

కంపెనీ గేటు కాడ చాయ్ హోటల్ల మగోళ్లు, వీపున పిల్లను చూసి నవ్వేటోళ్లు. మా ఆయన గూడ మొదట్ల నవ్విండు. దానికి ఆయన ఎన్నడు కోపం చేయలె. "నవ్వున్రి, నవ్వున్రి. జెర లొల్లి ఉంటెనే నా పొల్లకు నిద్రొస్తది" అనేటోడు. నిజంగనే ఆ లొల్లిల రూతు ఆయన వీపు మీద నోరు తెరిచి నిద్రపోయేది.

పొద్దున ఆరుకు సైరన్ కొడితె ఆయన షిఫ్టుకు పోవాలె. మేం రాకముందు ఇంటిగలోళ్ల ముసలమ్మ పిల్లలను చూసేదట. నేనొచ్చినంక ఆ పని మెల్లగ నాకొచ్చింది. ఎవరూ చెప్పలె, ఎవరూ అడగలె. ఒకనాడు రూతు మా గడప దాటి వచ్చి నా పొయ్యికాడ కూసున్నది, అంతే. పగటాల్ల రెండున్నరకు ఆయన వచ్చేటోడు. రాంగనే బాయికాడ చేతులు మోచేతుల దాక కడుక్కొని, ముగ్గురిని దగ్గరికి తీసుకొని ఒక్కొక్కరి నెత్తి వాసన చూసేటోడు. జరం వచ్చేముందు నెత్తి వాసన మారుతదట. రెండుసార్లు నిజమే అయింది.

ఆయన నోట్ల ఎప్పుడూ ఉండే మాట ఒకటుండె. "మీ అమ్మ చెప్పింది."

"దానీ, మీ అమ్మ చెప్పింది, గోర్లు తీయించుకోవాల్నట."

"ఎస్తేరూ, మీ అమ్మ చెప్పింది, అన్నంల వంకాయ ఏరి పెట్టద్దట."

"మీ అమ్మ చెప్పింది, వేపపూత రాలేటప్పుడు చెట్టుకింద పండుకుంటె మంచి కలలొస్తయట."

ముసలమ్మకు దండం పెట్టాల్నన్నా, చెప్పుల్లేకుండ ఎండల తిరగద్దన్నా, తన మాటగ ఒక్కటి చెప్పేటోడు కాదు. అన్నీ ఆమె చెప్పినయే. పిల్లలు గూడ గట్లనే నమ్మిన్రు. దానియేలు ఇస్కూల్ల ఎవరినో కొట్టి వచ్చిననాడు నాయినను చూసి భయపడలె. "అమ్మకు చెప్తవా?" అని అడిగిండు.

నేనొకసారి అడిగిన. "అన్నా, నెలకొక్కసారి పోతవ్ దవాఖానకు. గంటసేపు గూడ కూసోనియ్యరంటవ్. వదినె గివన్నీ ఎప్పుడు చెప్పింది?"

"చెప్పలె చెల్లె. ఇంట్ల ఉంటె చెప్పేదే. ఇంట్ల లేదు గనక నేను చెప్తున్న."

నెలకొక్క ఆదివారం ఆయన ఒక్కడే పోయి వచ్చేటోడు. పిల్లలను లోపలికి రానియ్యరు. పోయేటప్పుడు జేబుల ఏదన్న పెట్టుకునేటోడు, మామిడి పిందె, మోదుగు పువ్వు, రూతు గీతలు గీసిన కాయితం ముక్క. ఒక ఆదివారం తిరిగొచ్చి చెప్పులు ఇడవకుండనే అరుగు మీద కూసున్నడు. ఆ పొద్దు ఆమెకు కండ్లు తెరిచే ఓపిక గూడ లేకుండెనట. పిందె మంచం పక్కన పెట్టి వచ్చిండట. తెల్లారి పొద్దున గోడ అవతలికెల్లి ఆయన గొంతు ఇనవడ్డది. "లేవున్రి, లేవున్రి. మీ అమ్మ చెప్పింది, ఇయ్యాల అందరు నవ్వు మొకంతోని ఇస్కూలుకు పోవాల్నట."

మా లైను వెనుక బంజరుండె. కంపెనోళ్లు హద్దురాళ్లు పాతిన్రు గని ఇంక కట్టుడు మొదలుపెట్టలె. ఆ రాళ్ల నడుమ మోదుగుచెట్లు. ఆకు ఒక్కటి లేదు, చెట్టుకు చెట్టు ఎర్రగ మండుతుండె. ఆదివారం గుడికి పోయొచ్చినంక ఆయన లైనుల ఉన్న పిల్లలందరిని అక్కడికి తోలుకపోయేటోడు. నన్ను గూడ రమ్మనేటోడు. అప్పుడు నాకు అయిదో నెల. "నువ్వు చూసినయన్నీ లోపలున్నోడు గూడ చూస్తడు చెల్లె" అనేటోడు. రాలిన పూలే ఏరాలె, కొమ్మలకున్నయి తెంపద్దు, అది గూడ వాళ్ల అమ్మ చెప్పిందే. పూలు కుండల నానబెడితె తెల్లారేసరికి నీళ్లు పసుపు, ఎరుపు నడుమ ఏదో రంగైతుండె. కామునిపున్నం తెల్లారి లైనుల పిల్లలందరు ఆ నీళ్లల తడిసిన్రు. వాళ్ల గుడి పెద్దమనిషొకాయన ఆ తొవ్వల పోతూ ఆగి, "ఈస్టరు ముందటి శ్రమల దినాలల్ల గిదేంది తమ్మీ?" అన్నడు. ఆయన తడిసిన చేతులతోనే దండం పెట్టి, "దేవుడు చేసిన రంగే గదయ్యా, నేను నీళ్లు మాత్రమే పోసిన" అన్నడు. పెద్దమనిషి నవ్వాల్నా ఒద్దా అన్నట్టు నిలబడి, ఆఖరికి తన అంగీ కొస ముందలికి చాపిండు. ఎస్తేరు చేతితోని చిలుకరించింది.

ఇంకొకటి నేను చచ్చేదాక మరువ. పగటాల్ల బాయికాడికి పోతున్న. కంపెనీల దిక్కుకెల్లి ఏదో మందు కాలిన వాసన, దాంట్ల కలిసి మామిడిపూత వాసన వస్తున్నది. వేపచెట్టు కింద బొంత మీద ఆయన వెల్లకిల పండుకున్నడు. ఒక చెయ్యి మీద దానియేలు, ఒక చెయ్యి మీద ఎస్తేరు, రొమ్ము మీద రూతు. నలుగురు నిద్రల ఉన్నరు. వేపపూత రాలి వాళ్ల నెత్తుల మీద, రెప్పల మీద, రూతు తెరిచిన గుప్పిట్ల పడుతున్నది. నేను బిందె చంకల పెట్టుకొని ఎంతసేపు నిలబడ్డనో తెల్వదు. మా పొయ్యిమీద పప్పు అడుగంటింది.

ఇగ నా తప్పు చెప్తా.

ఆ దినాలల్లనే ఒకనాడు నేను జొన్నరొట్టె కొడుతున్న. రూతు వెనుకకెల్లి వచ్చి నా కొంగు పట్టుకొని "అమ్మా" అన్నది. నన్ను అప్పటిదాక ఆ మాటతోని ఎవరూ పిలువలె. చేతిల రొట్టె చేతిలనే ఉండిపోయింది. "అమ్మ గాదు బిడ్డా, అత్త" అని చెప్పాలె. చెప్పలె. రొట్టె ముక్క తుంచి, ఊది, దాని నోట్ల పెట్టిన.

ఆ సాయంత్రం ఆయన ఇన్నడు. రూతు ముందల గొంతుక్కూసోని, "అత్త బిడ్డా, అత్త. అమ్మ గుట్టమీద దవాఖానల ఉన్నది. వస్తది" అని మెల్లగ చెప్పిండు. రూతు "అత్త" అన్నది. ఆయన నెత్తి నిమిరిండు. తెల్లారి సైరన్ కొట్టి ఆయన పోయినంక రూతు మళ్ల "అమ్మా" అన్నది. నేను మళ్ల ఊకున్న. గట్ల అదొక అలవాటైంది. నాయిన ఉంటె అత్త, లేకపోతె అమ్మ. ఆ చిన్నపిల్లకు దాపెట్టుడు నేర్పింది నేనే. నోరు తెరిచి నేర్పలె, నోరు మూసుకొని నేర్పిన.

వానలల్ల నాకు జోగిపేటల కొడుకు పుట్టిండు. మూడో నెల పిల్లగాణ్ణి తీసుకొని లక్డారం వచ్చిన. అత్తగారు లేరు, అమ్మ దగ్గర లేదు. మొదటిసారి ఒక్కదాన్నే నీళ్లు పోయబోతె వాడు గుక్కపెట్టి ఏడ్చిండు, నేను గూడ ఏడ్చిన. ఆయన గడప బయట ఇటు వీపు పెట్టి నిలబడి చెప్పిండు. "చెల్లె, మెడ కింద అరచెయ్యి పెట్టు. ఆ. ఇప్పుడు నీళ్లు పోస్తున్ననని వానికి ముందుగాల చెప్పు. చెప్పకుండ పోస్తె ఎవరికైనా భయమే." నేను చెప్పిన. వాడు ఏడుపు ఆపి నా మొకం చూసిండు. తల్లినెట్ల కావాల్నో నాకు నేర్పింది, అటు తిరిగి నిలబడ్డ ఆ మొగమనిషే.

నేను లేని దినాలల్ల ముసలమ్మ కాడున్న రూతు మొదట్ల నన్ను కొత్త చేసింది గని, వారం తిరగకముందే మళ్ల నన్ను ఇడవలె. నాకు కొడుకు పుట్టినా అది "అమ్మా" అనుకుంట వస్తనే ఉండె. నేను గూడ వద్దనలె. ఇద్దరు పిల్లల తల్లిని అనుకుంటె నాకు మంచిగనిపిస్తుండె.

రెండో ఏడు మళ్ల మామిళ్లు పూసినయి. ఉగాది నాలుగు దినాలుందనంగ ఆమె వచ్చింది. దవాఖానోళ్లు రోగం పూర్తిగ తగ్గింది, ఇగ పిల్లలను ఎత్తుకోవచ్చు అని చెప్పి పంపిన్రు. ఆయన వారం ముందుకెల్లి అర్రకు సున్నమేసిండు, బొంతలు ఉతికిండు. ఆ పొద్దు బస్సు రోడ్డుకాడికెల్లి ఇద్దరు నడిచొస్తుంటె లైను అంత అరుగుల మీద నిలబడ్డది. ఆమె సన్నగ, తెల్లగ, గాలికి పోతదా అన్నట్టుండె. ఆయన సంచి పట్టుకొని ఆమెకు ఒక అడుగు వెనుక నడుస్తున్నడు.

దానియేలు ఉరికి, దగ్గరికి పోయినంక ఆగిపోయిండు. ఎస్తేరు మాత్రం ఆగలె. రెండు చేతులు ముందలికి చాపి, "అమ్మా, గోర్లు తీయించుకున్న చూడు. నువ్వు చెప్పినవ్ గదా" అన్నది.

ఆమె ఆయన దిక్కు చూసింది. ఆయన భూమి దిక్కు చూసిండు.

"అవ్ బిడ్డా, చెప్పిన" అన్నది ఆమె. తడుముకోలె.

"వంకాయ తినాల్నని?"

"చెప్పిన."

"నవ్వు మొకంతోని ఇస్కూలుకు పోవాల్నని?"

ఈసారి ఆమె తలకాయ ఊపి, ఎస్తేరును దగ్గరికి గుంజుకున్నది. దానియేలు గూడ వచ్చి అమ్మ నడుముకు అతుక్కున్నడు.

రూతు నా చంకల ఉన్నది. ఆమె మా అరుగు కాడికి వచ్చి రెండు చేతులు చాపింది. "రా బిడ్డా" అన్నది. రూతు ఆమెను చూసింది, నా మెడల మొకం దాపెట్టుకున్నది. "అమ్మా, మనింట్లకు పోదాం" అన్నది. నాతోని. అందరు ఇన్నరు.

ఆమె చేతులు జెరసేపు గట్లనే ఉన్నయి. తర్వాత దించి కొంగు సదురుకున్నది. "పిల్లకు అమ్మ అని పిలువనీకె ఎవరో ఒకరున్నరు. గంతే చాలు వదినె" అన్నది. ఎత్తిపొడుపు కాదు. నిజంగనే అన్నది. తిట్టినా నాకు గంత నొప్పి కాకపోవు.

మూడు దినాలు గట్లనే గడిచినయి. రూతు పొద్దున లేవంగనే మా గడపకు ఉరికొస్తుండె. రాత్రి నాయిన పక్కన పండుకుంటుండె. ఆమె బొంత మీద గోడ దిక్కు తిరిగి పండుకునేది. మూడోనాడు పగటాల్ల ఆయన మా ఇంటికొచ్చిండు. నేను అరుగు మీద ఉగాదికి చింతపండు గింజలు తీస్తున్న. ఆయన నా ముందల గొంతుక్కూసున్నడు. పెద్దోళ్ల ముందల ఆయన గట్ల కూసునుడు నేనెన్నడు చూడలె.

"తిట్టు అన్నా" అన్న.

"తిట్టనీకె ఏమున్నది చెల్లె? ఎత్తుకొమ్మంటె ఎత్తుకున్నవ్. ముద్ద పెట్టినవ్. నా పిల్లకు ఎవరూ లేరన్న కొరత నువ్వు తెలువనియ్యలె." ఒక చింతగింజ తీసుకొని వేళ్ల నడుమ తిప్పిండు. "కని ఆమె ఇరవై నెలలు ఎట్ల బతికిందో నేను చూసిన. తగ్గినంక ఆ చిన్నదాన్ని ఎత్తుకోవాలె, ఆమెకు ఉన్న ఆశ అదొక్కటే. తగ్గింది. ఎత్తుకుంటాంటె పిల్ల రాకపాయె."

"నన్నేం చెయ్యమంటవ్?"

"ఉగాదికి మీ అమ్మగారింటికి పో. నెలదినాలుండి రా."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్న ముందు కోపమొచ్చింది. "నేను పోతె అయితదా? అది నీ పక్కన్నే పండుకుంటది, నీ చేతితోనే తింటది. నువ్వు గూడ ఏడికన్న పోతవా?"

"పోను" అన్నడు. "ఇంట్లనే ఉంట. నా సంగతి నేను చూసుకుంట."

అదేందో తెల్లారి పొద్దున సమజైంది. మా ఆయన సంచి సదురుతున్నడు, నేను పిల్లగాణ్ణి ఎత్తుకొని అరుగు మీద నిలబడ్డ. ఆయన ఎస్తేరుకు జడేస్తున్నడు. ఒక పాయ లావు, ఒక పాయ సన్నం. నడుమల ఊడింది. మళ్ల అల్లిండు, మళ్ల వంకర పోయింది.

"నాయినా, ఇదేంది?" అన్నది ఎస్తేరు, జడ ముందలికి గుంజి చూసుకొని.

"ఏమో బిడ్డా. చేతులకేమైందో, మరిచిపోయిన. మీ అమ్మకు వస్తదేమో అడుగు."

ఎస్తేరు నాయిన మొకం చూసింది. దువ్వెన తీసుకొని లోపలికి పోయింది. ఆయన అక్కడనే కూసున్నడు. మోకాళ్ల మీద ఆయన వేళ్లు మాత్రం ఇంక మూడు పాయలు అల్లుతనే ఉన్నయి, చక్కగ, ఒక్క పోగు తప్పకుండ.

నేను జోగిపేట పోయిన. ఆ నెలల లక్డారంల జరిగినయి నాకు తర్వాత తెలిసినయి. కొన్ని ముసలమ్మ చెప్పింది. ఆయన అడిగి రెండో షిఫ్టుకు మారిండట, సాయంత్రాలు, పండుకునే యాళ్ల పిల్లలు తల్లి చేతిల ఉండేటట్టు. అన్నం మాడవెట్టిండట. అంగీల గుండీలు తప్పు పెట్టిండట. "కండ్లు సరిగ కనవడ్తలేవు బిడ్డా, అమ్మకు చూపియ్యి" అన్నడట. రెండేండ్లు ముగ్గురు పిల్లలను ఒంటిచేతితోని సాకిన మనిషి నెల దినాలల్ల ఏమీ చాతకానోడు అయిపోయిండట.

ఇంకొకటి మొన్న సమాధుల తోటకెల్లి వచ్చేటప్పుడు ఎస్తేరు చెప్పింది. నేను పోయిన రెండో వారంల రూతు హద్దురాయి తట్టుకొని పడి మోకాలు పగిలిందట. నెత్తురు కారుతుంటె ఏడ్చుకుంట నాయిన కాడికి ఉరికింది. ముందలికొచ్చి నిలబడ్డది, ఆయన కూసుంటడని. ఆయన కూసోలె. నిలబడే ఉన్నడు. "అమ్మ కాడికి పో బిడ్డా" అన్నడు, అంత ఎత్తుకెల్లి. రూతు తలకాయ పైకెత్తి ఆయనను చూసుకుంట ఎంతసేపో నిలబడ్డదట. ఆమె అప్పటికే గడప దాటి వచ్చి కింద కూలబడి చేతులు చాపింది. అప్పుడు రూతు తిరిగి ఆమె దిక్కు నడిచిందట.

"నాయిన నడుము అంత బిర్రుగ నిలబడుడు నేనెన్నడు చూడలె అత్తా" అన్నది ఎస్తేరు. "గోడ పట్టుకున్నడు."

నెల తర్వాత నేను తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరినయి. వాళ్ల ఈస్టరు అయిపోయింది, మామిడికాయలు గుడ్డంత అయినయి. ఆదివారం సాయంత్రం. అరుగెక్కుతుంటె పక్క గడపల ఆమె నిలబడి ఉన్నది. మొకం మీదికి రక్తమొచ్చింది, చేతులకు గాజులు నిలిచినయి. ఆమె చీరె కొంగు చాటుకెల్లి రూతు నన్ను తొంగిచూసింది.

"అమ్మా, ఎవరో అత్తొచ్చింది" అన్నది.

"ఎవరో ఏందే, మన అత్తనే" అని ఆమె తత్తరపడ్డది. నేను నవ్విన. ఆ పొద్దు ఎట్ల నవ్విన్నో నాకే తెల్వదు. లోపలికి పోయి సంచి కింద పెట్టి, ఊడ్చిన అర్రనే మళ్ల ఊడ్చిన.

పొద్దుగూకుతుంటె కొడుకును ఒళ్లె పెట్టుకొని అరుగు మీద కూసున్న. ఆయన వచ్చి తన అరుగు కొసకు కూసున్నడు. లోపల ఆమె పిల్లలకు ఏదో కథ చెప్తున్నది. ముగ్గురు ఒక్కసారే నవ్వుతున్నరు. వాకిట్ల దూదిపింజెలు తేలుతున్నయి, పట్టుకోనీకె పిల్లలెవరు బయట లేరు.

"గుర్తుపట్టలేదా చెల్లె?"

"లేదన్నా."

"చిన్నపిల్ల. నెల అంటె దానికి మస్తు పొడుగు."

"అవ్."

ఆయనే మళ్ల అన్నడు. "నా కాడ గూడ పండుకుంటలేదిప్పుడు. మొన్న ఎత్తుకుంటె దించమన్నది. అమ్మ కాడికి పోత అన్నది."

"మంచిగైంది గదన్నా."

"మస్తు మంచిగైంది" అన్నడు. భుజం మీది తువ్వాల తీసి మొకం తుడుసుకున్నడు. చెమట లేదు. అయినా చాలసేపు తుడుసుకున్నడు.

లోపల మళ్ల నవ్విన్రు. ఆయన తువ్వాల మడిచి పక్కన పెట్టి, నా ఒళ్లె ఉన్న పిల్లగాని దిక్కు చూసిండు.

"వాణ్ణి ఇటియ్యి చెల్లె" అన్నడు. "జెరసేపు."

నేను లేచిపోయి వాణ్ణి ఆయన చేతులల్ల పెట్టిన. ఆయన వాణ్ణి భుజానికెత్తుకొని కండ్లు మూసుకున్నడు. నేను పొయ్యి ముట్టియ్యనీకె లోపలికి పోయిన. అన్నం ఉడికి, గంజి వార్చి, పప్పుకు పోపేసి, కంచాలు కడిగి పెట్టినంక గూడ నేను పోయి పిల్లగాణ్ణి అడగలె.